పైనగంగకు ఇవతల పిడికెడు జొన్నలు

ఆదిలాబాదు వెళ్లొచ్చానని చెబితే బందరులో అందరూ నన్ను అడిగింది ఒకటే: "పులి కనిపించిందా?" పులి కాదు కదా, దాని అడుగు కూడా కనిపించలేదు. నాకు కనిపించినవాళ్లంతా మనుషులే. వాళ్లలో ఒకావిడ గురించి చెప్పకుండా ఈ ప్రయాణం గురించి చెప్పడం నాకు చేతకాదు. కనుక పులి కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుని. మా ఆవిడ తమ్ముడు విశ్వనాథం ఆదిలాబాదులో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా. నిజాం పోయి కొన్నేళ్లయింది, హైదరాబాదు రాష్ట్రం మాత్రం ఇంకా విడిగానే ఉంది. మా వైపువాళ్లు ఉద్యోగాల కోసం అక్కడికి పోతున్నారనీ, అక్కడివాళ్లు దానికి మండిపడుతున్నారనీ పేపర్లో చదువుతూనే ఉన్నాను. ఎండాకాలం సెలవులివ్వగానే మా ఆవిడ కొత్తావకాయ జాడీ ఒకటి చేతికిచ్చి, తమ్ముణ్ణి చూసి రమ్మని రైలెక్కించింది.

పెద్దపల్లి స్టేషన్లో

జాడీ మూతి ఎంత బిగించి కట్టినా దాని గుణం అది మానుకోలేదు. కాజీపేట దాటాక నూనె కారి, కింద కూర్చున్న ఒకతని దుప్పటి మూటంతా ఎర్రబడింది. తగువు తప్పదని గొంతు సవరించుకున్నాను. అతను వేలితో నూనె తీసి నాలిక్కి రాసుకుని, "మస్తున్నది సారు, గని కారం జర తక్కువైంది," అన్నాడు. మా ఆవిడ ఆవకాయకు కారం తక్కువన్న మనిషిని నేను అంతవరకు చూడలేదు.

అతను బొగ్గు బాయిలో పనిచేస్తాడట. బొగ్గు గనిని వాళ్లు బాయి అంటారు. తండ్రి ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చాడు, తల్లిది ఇక్కడే మంథని వైపు. ఇంట్లో హిందీ, వీధిలో తెలుగు. పెద్దపల్లిలో దిగాక ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగాం.

"మరి మీరు బయటివాళ్లని ఎవరూ అనరా?" అని అడిగాను.

"బాయిలకు దిగెటోన్ని ఏ ఊరోనివని ఎవ్వలడుగుతరు సారు? దిగితె చాలంటరు. మీదికొచ్చి ఇల్లు గావాలన్నప్పుడు అడుగుతరు."

నవ్వుతూనే అన్నాడు. నేను జాడీకి ఇంకో గుడ్డ చుట్టుకుని కరీంనగరు బస్సు వెతుక్కున్నాను.

కరీంనగరులో సర్వప్ప

కరీంనగరులో కాఫీ అడగడం నా పొరపాటు. హోటలాయన నన్ను ఎగాదిగా చూసి చాయ్ గ్లాసు తెచ్చి పెట్టాడు. అది పాలు, పంచదార కలిసి పాయసంలా ఉంది, పైగా అణాకే. దాంతో పాటు సర్వప్ప అని ఒకటి పెట్టాడు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిపి గిన్నె అడుగున ఒత్తి, చేతి వేళ్లతో చిల్లులు పొడిచి కాలుస్తారు. మన తపేలా చెక్కకు అక్కలాంటిది. అంచులు కరకర, మధ్య మెత్తన. రెండోది అడిగాను.

"ఏ ఊరు సారు?" అన్నాడాయన రెండోది తెస్తూ.

"బందరు."

"నౌకరికొచ్చిండ్రా?"

"కాదు, ఊరికే చూడ్డానికి."

"అట్లయితె తినుండ్రి," అని పళ్లెం పెట్టాడు.

నాకు చుర్రుమంది. ఉద్యోగానికి వచ్చి ఉంటే పెట్టరా అని అడిగాను. ఆయన గొంతు పెంచలేదు. గల్లా వెనక కూర్చున్న కొడుకును చూపించి, "మా పిలగాడు మెట్రిక్ పాసైండు. ముల్కీ కాయిదం ఉన్నది, గీ జాగల పుట్టినోడని. నౌకరి లేదు. మీవోళ్లకు కాయిదం లేదు, నౌకరున్నది. నాకు మీ మీద కోపం లేదు సారు, గని పరేషాన్ ఉన్నది," అన్నాడు.

డబ్బులు గల్లా మీద పెట్టి కోపంగానే బయటికొచ్చాను. బస్సు ఎక్కాక సగం దారి దాకా ఆయనతో మనసులో వాదిస్తూనే ఉన్నాను, ప్రతిసారీ నేనే గెలిచాను.

మెట్‌పల్లిలో ఎక్కినామె

మెట్‌పల్లి దగ్గరకొచ్చేసరికి గాలిలోనే పసుపు వాసన. పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబోసి, పైపొర పోయేదాకా రుద్దే పని అప్పుడే అయిపోతోంది. కూలీలు ఊళ్లకు మళ్లుతున్నారు. నలభై ఏళ్ల ఒకామె రెండు మూటలతో బస్సెక్కింది. గోచీ పెట్టి కట్టిన చీర, మోచేతుల దాకా పసుపు. మా వైపు పెళ్లికూతురికి కూడా అంత పసుపు పూయరు.

నా పక్క సీట్లో ఉన్న ఒక బట్టల వ్యాపారి జరగలేదు. "పైనగంగ అవతలోళ్లు," అన్నాడు నాతో, ఆమె వినేట్టుగానే. పైనగంగ అంటే ఆదిలాబాదు జిల్లాకు ఉత్తరాన హద్దుగా పారే నది. "ఈళ్లకు ఊరు లేదు, కాయిదం లేదు. ఆడ కరువొస్తె ఈడికొస్తరు. వాన పడ్డా మల్ల పోరు. కూలి రేటు పడగొడ్తరు."

కరీంనగరు హోటలాయన మీద కోపం ఇంకా చల్లారలేదేమో, ఏదో సాటి పెద్దమనిషి దొరికాడన్నట్టు నేను తలూపాను. వ్యాపారి నా వైపు తిరిగి, "మీరు కోస్తోల్లు గదా? గైర్ ముల్కీ!" అన్నాడు. అంటే నేనూ ఈ గడ్డవాణ్ణి కానని. బస్సంతా నవ్వింది. నవ్వనిది ఆమె ఒక్కతే. నేను లేచి, ఆమెను కూర్చోమన్నాను. జాలితో కాదు, ఆ వ్యాపారి పక్కన కూర్చోవడం ఇష్టం లేక.

నిర్మల్ దాటాక, ఘాటులో

గోదావరి వంతెన, నిర్మల్ దాటి ఘాటు రోడ్డు ఎక్కుతుండగా ఇంజను బుసలు కొట్టి ఆగిపోయింది. నీళ్ల కోసం క్లీనరు లోయలోకి దిగాడు. మేమంతా టేకు చెట్ల కింద చేరాం. ఆకులన్నీ రాలిపోయి, పేరుకే నీడ. ఆమె ఒక మూట విప్పి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తీసి, నాకూ ఒక రొట్టె ఇచ్చింది. నేను ఆవకాయ తీశాను. ఆమె కూడా కారం చాలలేదంది.

పేరు సకూబాయి. నాలుగేళ్ల కిందట అవతలి ఒడ్డున వానలు పోతే మొగుడూ తనూ నది దాటి ఇవతలికొచ్చారు. ఒక గోండు గూడెం చివర గుడిసె వేసుకున్నారు. ఎద్దు పొడిచి మొగుడి నడుం విరిగింది. మంచంలోనే ఉంటాడు. ఈమె గూడెంలో కూలి చేస్తుంది, పసుపు రోజుల్లో మెట్‌పల్లి పోతుంది. ఆమె తెలుగులో మరాఠీ కలిసి ఉంది, అయినా నాకు బాగానే అర్థమైంది.

"ఈ యేడు జంగ్లాతోళ్లు వస్తరు దాదా," అంది. దాదా అంటే వాళ్ల భాషలో అన్న, జంగ్లాత్ అంటే అడవి శాఖ. "పటేల్‌ను అడుగుతరు, గూడెంల మీ ఇండ్లు ఏవి అని. పటేల్ చెప్పిన ఇండ్లు ఉంటయి. చెప్పనియి వానల్లోపట పీకేస్తరు."

"పటేలు నీ ఇల్లు చెప్పడా?"

"గింజ కలిసిన ఇల్లే చెప్తడు."

ఆ గూడెంలో విత్తనాల ముందు ఒక పండుగ చేస్తారట. ఇంటికి పిడికెడు చొప్పున జొన్నలు తెచ్చి దేవర ముందు ఒక్కచోట పోస్తారు. పూజారి వాటిని కలిపి, మళ్లీ ఇంటికో దొప్ప పంచుతాడు. ఆ దొప్ప అందుకున్న ఇల్లు ఊరి ఇల్లు. నాలుగేళ్లలో ఆమెను ఎప్పుడూ పిలవలేదు. ఈసారి అడుగుతానంది. రెండో మూట విప్పి చూపించింది. అడుగున పసుపు కొమ్ములు, కూలిలో కొంత అలా ఇచ్చారట. వాటి మీద వేరే గుడ్డలో తెల్లటి విత్తనపు జొన్నలు, ఒక్క పుచ్చు గింజ లేకుండా ఏరినవి.

"నువ్వు కూడ రా దాదా. చూడు," అంది. సినిమాకు పిలిచినంత మామూలుగా.

ఆదిలాబాదులో బావమరిది

ఆదిలాబాదు బజారులో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ కలిపి బేరమాడతారు. సీజను అయిపోవడంతో మిల్లు మూతబడి ఉంది. అయినా గోడలకూ చెట్లకూ దూది పోగులు వేలాడుతున్నాయి. విశ్వనాథం ఆవకాయ జాడీ సగం ఖాళీ అయి రావడం చూసి నన్ను దొంగను చూసినట్టు చూశాడు. వంట అతనే చేస్తాడు. మినప్పప్పు దొరక్క కాదు, రుబ్బే ఓపిక లేక ఇడ్లీ మానేసి, పొద్దున్నే అటుకుల తాలింపు తింటున్నాడు. నాకు అది రెండో రోజుకే ఇష్టమైపోయింది.

సకూబాయి సంగతి చెప్పి, నది అవతలివాళ్ల మీద అతని అభిప్రాయం అడిగాను.

"మంచివాళ్లే బావా. సీజన్లో వాళ్లు లేకపోతే మిల్లు తిరగదు," అన్నాడు. "సీజను అయ్యాక మాత్రం ఇక్కడెందుకున్నారని అందరూ విసుక్కుంటారు."

"నువ్వో?"

"నేనూ విసుక్కుంటాను. దొంగతనం జరిగితే ముందు వాళ్ల పాకలే వెతుకుతారు. ఎప్పుడూ ఏమీ దొరకదు. అయినా మళ్లీ అక్కడే వెతుకుతారు."

అతనూ బయట నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవాడేనని గుర్తు చేశాను. "నాకు జీతం ఉంది కదా," అన్నాడు, అదేదో వేరే జాతి అయినట్టు. ఆ గూడెం పటేలు లచ్చు అతనికి తెలిసినవాడే, ఏటా పత్తి తెస్తాడు. మూడో రోజు సాయంత్రం మిల్లు ఎద్దుబండి మీద ఇద్దరం బయల్దేరాం.

గూడెంలో సాయంత్రం

గూడెం శుభ్రంగా ఉంది. మా బందరు వీధుల కంటే శుభ్రంగా ఉందని చెబితే మున్సిపాలిటీవాళ్లు నొచ్చుకుంటారు, కానీ ఉంది. తడికె గోడలు, అలికిన వాకిళ్లు. లచ్చు పటేలు "రాం రాం" అని ఎదురొచ్చి మంచం వాల్చాడు. నెరిసిన మీసం, ఒంటి మీద తెల్లటి ధోవతి. మాతో తెలుగులో, ఇంట్లోవాళ్లతో గోండీలో మాట్లాడాడు. జొన్న గట్క, పప్పు పెట్టారు. గట్క అంటే జొన్నరవ్వతో వండిన సంకటి. మేం తింటుండగానే సకూబాయి వచ్చింది.

మాకు దూరంగా నిలబడి, అడగాలనుకున్నది అడిగేసింది. "పటేలా, రేపు నా పిడికెడు గూడ కలువనియ్యి."

పటేలు వెంటనే కాదనలేదు. "రేపు చూస్తం," అన్నాడు. ఆమె పసుపు కొమ్ముల మూట తీసి పటేలు భార్యకు ఇచ్చింది. ఆవిడ దేవర పూజకు పనికొస్తాయని తీసుకుని లోపల పెట్టింది. సకూబాయి ముఖం విప్పారింది. నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక నేను ఉండబట్టలేక, "పిడికెడు జొన్నలే కదా, కలిపితే ఏం పోతుంది?" అన్నాను. విశ్వనాథం నా కాలు తొక్కాడు. పటేలు మాత్రం నొచ్చుకోలేదు.

"సారూ, నా చిన్నప్పుడు గిట్లనే ఒక్క బండి వచ్చింది. నీల్లడిగిండ్రు, ఇచ్చినం. నీడడిగిండ్రు, ఇచ్చినం. గింజ కలుపుమన్నరు, కలిపినం. ఆల్లు షావుకార్లయిండ్రు. అగో, గా వాగు పొంటి చెల్కలన్ని మాయే. ఇయ్యాల గా చెల్కలల్ల మేమే కూలికి పోతున్నం."

"ఈమె షావుకారు కాదుగా. మంచాన పడ్డ మొగుడు తప్ప ఏమీ లేదు."

"ఎరుకే. మంచి మనిషి. మా కోడలు నీల్లాడినప్పుడు గామెనే చూసింది," అన్నాడు. "మాకే కాయిదం లేదు సారు. మా తాతలు కొట్టిన పోడు ఇది. మాదంటె జంగ్లాతోడు నవ్వుతడు. పాత ఇండ్లు ఎన్నో గన్నే ఉండాలె, ఒక్కటి పెరిగినా అందరు కొత్తోల్లే అని మొత్తం గూడెం పీకిస్త అన్నడు. ఇగ నేనేం జెయ్యాలె? మీరు సదువుకున్నోల్లు, చెప్పుండ్రి."

నేను గిన్నెలో మిగిలిన గట్క తినేశాను. కరీంనగరు హోటలాయన గుర్తొచ్చాడు. ఈసారి కోపం మాత్రం రాలేదు.

దేవర ముందు

పొద్దున్నే ఇప్పచెట్టు కింద, రాళ్ల గద్దె ముందు అందరూ చేరారు. డోలు, తుడుం మోగుతున్నాయి. ఇంటికొకరు మోదుగాకు దొప్పల్లో జొన్నలు తెచ్చి, పూజారి పరిచిన కొత్త గొంగడి మీద పోస్తున్నారు. సకూబాయి తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. వరసలో చివర నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. ముందే తెలిసిన సంగతి అన్నట్టు నడిచి వెళ్లి, తన గుడ్డ విప్పి గొంగడి మీద గుమ్మరించింది. పిడికెడు కాదు, దోసెడుకు పైనే ఉంటాయి. పూజారి తల వంచుకుని ఉండి, అలవాటుగా చెయ్యి తిప్పి కలిపేశాడు.

డోలు ఆగిపోయింది. ఎవరో అరిచారు. పటేలు పరుగున వచ్చాడు.

"నేను ఒప్పుకున్ననా?"

"ఒప్పుకున్నవ్ గద పటేలా!" అంది ఆమె, నిజంగానే ఆశ్చర్యపోతూ. "నీ ఇంట్ల నా పసుపు తీసుకున్నరు గద."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, అదీ విశ్వనాథం చెబితే. నది అవతల ఒక ఇంటి ఇల్లాలు నీ చేతి పసుపు తీసుకుందంటే నిన్ను తమలో కలుపుకున్నట్టే. నిన్న సాయంత్రం ఆమె నవ్వుకుంటూ పోయింది అందుకే. ఇవతల, ఈ గూడెంలో, దేవర పూజకు పసుపు ఎవరిచ్చినా తీసుకుంటారు. దారిన పోయే కోమటిచ్చినా సరే. పటేలు భార్య నోటి మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

పెద్దలు గోండీలో చాలాసేపు వాదించుకున్నారు. గొంగడి మీద గింజలు చూశాను. ఆమెవి తెల్లగా, వాళ్లవి కాస్త పచ్చగా ఉన్నాయి. కలిపాక ఏరడం ఎవరి తరమూ కాదు. పూజారి చివరికి, దేవర ముందు పడ్డ గింజను తీయకూడదు, పారబోయకూడదు అన్నాడట. విశ్వనాథం నా చెవిలో చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమెకూ అలాగే అనిపించి ఉంటుంది, కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

పంపకం మొదలైంది. ఒక్కో ఇంటి పేరు పిలవడం, దొప్ప ముంచి ఇవ్వడం. తీసుకున్నవాళ్లు కళ్లకద్దుకుని పక్కకు తప్పుకున్నారు. ఆమె కొంగు పట్టుకుని నిలబడే ఉంది. గొంగడి ఖాళీ అయింది. పూజారి దాన్ని దులిపి మడతపెట్టాడు.

"నాది ఏది?" అంది.

పటేలు ఆమె వైపు చూడలేకపోయాడు. "గింజ కలిసింది సకూబాయీ, ఏం జేస్తం. ఇల్లు కలువలే."

ఆమె కొంగు వదిలేసింది. ఊరందరి చేతుల్లో ఆమె గింజలున్నాయి, ఆమె చేతిలో ఒక్కటి కూడా లేదు. ఆ మాట విశ్వనాథంతో అంటే, "ఎండెక్కుతోంది బావా, ఇంత మజ్జిగ తాగు," అన్నాడు.

మేం వెళ్లిపోదామంటే, ఇంకొక్కటి ఉందన్నారు. పంపకం అయ్యాక పటేలు చెలకలో రెండు సాళ్లు దున్ని శాస్త్రానికి విత్తనం వేయాలి. నాగలి వెనక ఒక ఆడమనిషి నడుస్తూ గింజ జారవిడుస్తుంది. ఎడ్లు సిద్ధంగా ఉన్నాయి. పటేలు భార్య అటూ ఇటూ చూసి, గుడిసె వైపు నడుస్తున్న సకూబాయిని కేకేసింది. మూడేళ్లుగా ఆమే వేస్తోందట. ఆమె హస్తవాసి మంచిదని గూడెమంతా ఒప్పుకున్న సంగతి. ఆ పిలుపులో వాళ్లెవరికీ వింత కనిపించలేదు. వాళ్లు వెక్కిరించడానికి పిలవలేదు, అదొక్కటి నేను ఖాయంగా చెప్పగలను.

సకూబాయి కొంతసేపు అక్కడే ఆగింది. తర్వాత వెనక్కి వచ్చి, కొంగు నడుముకు దోపి, పటేలు దొప్పలోని జొన్నలు పసుపు చేతిలోకి తీసుకుని నాగలి వెనక నడిచింది. రెండు సాళ్లూ ఎక్కడా తెంపు లేకుండా వేసింది. చివర కొన్ని గింజలు మిగిలాయి. పటేలు భార్య దొప్ప చాపింది. ఆమె అన్నీ అందులో పోసి, అరచేతులు దులుపుకుని, మొగుడికి గంజి పెట్టాలని వెళ్లిపోయింది. నాకు రాం రాం కూడా చెప్పలేదు. నేనూ పిలవలేదు.

తర్వాత

విశ్వనాథం దసరాకు బందరు వచ్చినప్పుడు మొదట అడిగింది ఆవకాయ, నేను మొదట అడిగింది ఆ గుడిసె సంగతి. వానలకు ముందే పీకేశారట. గూడెం నిలిచింది. పటేలు చెప్పిన ఇళ్లలో ఒక్కటీ పోలేదు. సకూబాయి మొగుణ్ణి బండి మీద వేసుకుని ఆదిలాబాదు చేరింది, మిల్లు గోడ వెనక గుడ్డలు కట్టుకుని ఉంటోంది, సీజను మొదలు కాగానే పనిలోకి తీసుకుంటారు.

"గూడెంలో పంట ఎలా ఉంది?" అని అడిగాను.

"జొన్న మనిషెత్తు లేచింది బావా. అంతా ఆమె చేతి చలవే అంటున్నారు. వచ్చే ఏడు కూడా విత్తనం వేయడానికి రమ్మని పటేలు మొన్న కబురు పెట్టాడు."

"ఆమె ఏమంది?"

"బండి పంపమంది," అన్నాడు విశ్వనాథం, అన్నంలో ఆవకాయ కలుపుకుంటూ.